ఓపెన్ డిగ్రీకి వారానికి పన్నెండు గంటలు

హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో చుట్టుపక్కల ఆఫీసుల్లో ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేద్దామనుకునేవాళ్లకు ఒక మాట తరచూ ఎదురవుతుంది: 'ఓపెన్‌లో చేశావా?' రెగ్యులర్ కాలేజీలో చదివినవాళ్లంత రాదులే అన్న తీర్పు అందులోనే ఉంది. ఆ తీర్పు అన్యాయం.

దుర్గం చెరువు అవతల జూబ్లీహిల్స్‌లో ఉన్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న పుట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దాని తొలి ఉపకులపతి జి.రాంరెడ్డే 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి ఉపకులపతి అయ్యారు. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని 4.14 కోట్ల మంది ఉన్నత విద్యార్థుల్లో 45.71 లక్షల మంది దూరవిద్యలో ఉన్నారు. అంటే తొమ్మిది మందిలో ఒకరు. వాళ్లలో 20.9 లక్షల మంది మహిళలే.

ఇక మార్కుల సంగతి. అమెరికాలో జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌ను ఆన్‌లైన్‌లోనూ మొదలుపెట్టింది. క్యాంపస్ కోర్సుకు దరఖాస్తు చేసినవాళ్ల సగటు వయసు 24, ఆన్‌లైన్‌కు 34. ఎవరి పేపరో తెలియకుండా దిద్దిస్తే ఆన్‌లైన్‌వాళ్లు ఏమీ తగ్గలేదు, కాస్త ముందే ఉన్నారు.

చిక్కంతా చివరిదాకా నిలవడంలో ఉంది. హార్వర్డ్, ఎంఐటీ 2012-13లో నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సులకు 8,41,687 నమోదులు వస్తే సర్టిఫికెట్లు 43,196. అంటే 5 శాతం. 2017-18కి అది 3.13 శాతానికి పడిపోయింది. అదే ఏడాది డబ్బు కట్టి సర్టిఫికెట్ కోరినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు. డబ్బు చదువు చెప్పదు. పూర్తిచేయాలని ముందే గట్టిగా అనుకున్నవాళ్లే డబ్బు కట్టారని నా అభిప్రాయం.

ఉద్యోగికి అసలు కొరత టైమే. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. దూరవిద్యలో క్రెడిట్‌కు 30 గంటల చదువు. మొత్తం 3,600 గంటలు. మూడేళ్లలో ముగించాలంటే వారానికి 23 గంటలు కావాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు అది దాదాపు అసాధ్యం. వారానికి పదే కేటాయిస్తే 360 వారాలు, ఏడేళ్లకు దగ్గర. ఇగ్నో ఇచ్చే గరిష్ఠ గడువు ఆరేళ్లు! పన్నెండు గంటలైతే 300 వారాలు, గడువు లోపలే.

పనిరోజుల్లో రోజుకో గంట, శని, ఆదివారాల్లో కలిపి ఏడు గంటలు. ఫీజు కట్టేముందే ఈ పన్నెండు ఎక్కడినుంచి వస్తాయో ఇంట్లోవాళ్లతో కూర్చుని రాసుకోండి. ఉద్యోగమిచ్చిన సంస్థలు కూడా పరీక్ష రోజుల్లో సెలవు, ముందురోజు నైట్ షిఫ్ట్ నుంచి మినహాయింపు ఇవ్వాలి.