బడిలో ఆటల గంట

పల్లెటూళ్ళ బడులలో ఆటల గంట మ్రోగినతోడనే కొందఱు బాలికలు చెట్టునీడ చేరి ఊరక కూర్చుండుట తఱచుగ కానవచ్చును. వారికి ఆటలన్న ఇష్టము లేదని తలంపరాదు. ఆ బాలికలే సాయంకాలము ఇంటిముంగిట తొక్కుడుబిళ్ల గీసి ప్రొద్దుగ్రుంకువఱకు ఆడుదురు. బడిలో చెప్పు ఆట వారెఱిగినది కాదు, అంతియే భేదము.

ఇంటియాటలు వ్యాయామము కావని చిన్నచూపు చూడదగదు. తొక్కుడుబిళ్లవలన ఒంటికాలిపై నిలుకడయు, చెమ్మచెక్కవలన చేతికిని కంటికిని పొందికయు, కోలాటమువలన లయ తప్పని యడుగును అలవడును. చెడుగుడునకు బంతియైన నక్కఱలేదు. ఆ చెడుగుడే కబడ్డీ యను పేర 1990లో బీజింగు ఆసియా క్రీడలలో చేరెను. 2010లో గ్వాంగ్జౌ నగరమున స్త్రీలకును పోటీ యేర్పడగా, మన దేశపు స్త్రీలే స్వర్ణపతకము గొనిరి. దేశీయక్రీడలను చదువుతో జోడింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ చెప్పుచున్నది.

కడప జిల్లాలోని మా కమలాపురమున తెలుగు మాటాడు ఇండ్లును, ఉర్దూ మాటాడు ఇండ్లును కలవు. కావున ఉపాధ్యాయుడు మొదట, "మీ యింట ఏ యాటలాడుదురు?" అని ప్రతి బిడ్డ నడుగవలెను. ఒకనాడు ఒకరి యాట, మఱునాడు వేఱొకరి యాట తరగతియంతయు నేర్చినచో, వెనుక కూర్చుండు పిల్లయే ఆనాటికి గురువగును. నిండుదుస్తులు ధరించు బిడ్డను ఆ కారణమున ప్రక్కకు నెట్టక, ఆ దుస్తులతో నాడదగు నాటను చూడవలెను. రంజాను నెలలో ఉపవాసమున్న బిడ్డకు పరుగు మాన్పించి గెలుపోటముల లెక్క చూచు పని యొసగవచ్చును. మా సీమయెండకు పరుగుపందెములు ఉదయముననే తగును. మధ్యాహ్నమున నీడపట్టున అచ్చనగాయలు చాలును.

అయితే ఇంటి యలవాటులన్నియు మేలైనవే యని మేము చెప్పుట లేదు. తొక్కుడుబిళ్ల ఆడపిల్లలకే, చెడుగుడు మగపిల్లలకే యను కట్టడియు ఇంటినుండియే వచ్చినది. తెలిసిన యాట గడపవంటిది. దానిని దాటి ముందునకు పోవలెను గాని దానిపై కూర్చుండరాదు. బాలురును ఒంటికాలిపై గెంతవలెను, బాలికలును కూతపెట్టవలెను.

కొంచె మెదిగినంతనే "ఇంక నీకు ఆటలేల?" యని పిల్లను లోనికి బిలుచువారము తల్లులమైన మనమే. ప్రతి బడికిని ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. అందు కాలుమోపుటకు మన పిల్లకు సెలవీయవలసినది మాత్రము మనమే.