చేతిలో ఉన్న పని

మా వడమాలపేటకు పక్కనే పుత్తూరు. ఎముక విరిగినవాళ్ళు పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడినుంచో వస్తూంటారు. కట్టు కట్టే మనిషిని, ‘నువ్వే కాలేజీలో చదివావయ్యా?’ అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. మా వైపు పనివాడి పరీక్ష కాగితం మీద జరగదు, చేతిమీద జరుగుతుంది. తాపీ పని తెలుసునంటూ ఎవరైనా వస్తే, మేస్త్రీ అతని చేతికి తాపీ ఇచ్చి నాలుగు వరసలు ఇటుక పేర్చమంటాడు. దారానికి గుండు కట్టి గోడ నిలువు చూస్తాడు. మధ్యాహ్నం సంగటి వేళకు కూలి ఎంతో తేలిపోతుంది.

ఈ పరీక్ష అందరికీ దొరుకుతుంది గాని, జైలునుంచి వచ్చినవాడికి దొరకదు. అతనికి తాపీకంటె ముందు ప్రశ్న ఎదురవుతుంది: ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?’

నేనెరిగిన వడ్రంగి ఒకడున్నాడు. ఒక కేసులో ఇరుక్కుని, జామీను నిలబడేవారు లేక, ఏడాదిపాటు లోపల ఉన్నాడు. చివరకు కోర్టు కేసు కొట్టివేసింది. కోర్టు వదిలిపెట్టినా జనం వదిలిపెట్టలేదు. ద్వారబంధాలు, కిటికీలు చేసిన మనిషి ఇప్పుడు మామిడికాయల కాలంలో మండీలో గంపలెత్తుతున్నాడు. తక్కిన రోజుల్లో ఏది దొరికితే అది. ‘పని నేను మరిచిపోలేదన్నా, పిలిచేవాళ్ళే నన్ను మరిచిపోయినారు’ అన్నాడు నాతో.

ఇటువంటివాళ్ళు కొద్దిమంది కారు. 2022 చివరికి మన దేశపు జైళ్ళలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట! కఠిన శిక్ష పడినవాడికి జైల్లో పని అప్పగిస్తారు. రాజమండ్రి సెంట్రల్ జైలువంటి చోట్ల అందుకు కార్ఖానాలున్నాయి. విచారణ ఖైదీచేత నిర్బంధంగా పని చేయించరాదు. ఆ నియమం న్యాయమైనదే. కాని దాని నీడలో ఎందరో పనిమంతులు నెలల తరబడి చేతులు ముడుచుకు కూర్చుంటారు.

‘వాళ్ళకు ఏదైనా కొత్త పని నేర్పరాదా?’ అంటారేమో. నేర్పవచ్చు. అయితే నేర్పడానికి నెలలు కావాలి. విచారణ ఖైదీకి రేపే బెయిలు రావచ్చు. నేర్చుకున్నది సగంలో ఆగిపోతుంది. వచ్చిన పనిని పరీక్షించి పట్టా ఇవ్వడానికి మాత్రం కొద్ది రోజులు చాలు. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కౌశల్ వికాస్ యోజనలో ఇటువంటి ఏర్పాటు ఉంది. బడికి వెళ్ళకుండా పని నేర్చినవాడిచేత ఆ పని చేయించి చూసి, నాలుగు ప్రశ్నలడిగి, నెగ్గితే సర్టిఫికెట్ ఇస్తారు. మా మేస్త్రీ చేసే పరీక్షకు సర్కారు ముద్ర పడిందనుకోండి! ఈ పరీక్ష ప్రతి జైలు గోడ దాటి లోపలికి పోవాలని నా మనవి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పూర్వపు పనిని జైళ్ళు మునుపు గుర్తించకపోలేదు, కాని కులాన్ని బట్టి గుర్తించాయి. ఫలానా కులంవాడు వంట చెయ్యాలి, ఫలానావాడు ఊడవాలి అని పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లోనే రాసి ఉండేది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసివేయమంది. కులం తాత చేసిన పనిని చెబుతుందేమో. ఈ మనిషి చేతికి ఏం వచ్చో చెప్పలేదు. దానికి పరీక్ష ఒక్కటే దారి.

పట్టామీద జైలు పేరు ఉండకూడదు. ఉంటే అది పనికి సాక్ష్యం కాదు, నేరానికి సాక్ష్యం అవుతుంది. నార్వేలో ఖైదీలకు చదువు చెప్పే బాధ్యత జైలు శాఖది కాదు, బయటి విద్యాశాఖదే. మనమూ పరీక్షకులను బయటినుంచే పిలవాలి. వాళ్ళలో ఇళ్ళు కట్టించే మేస్త్రీలూ, కంట్రాక్టర్లూ ఉంటే మరీ మంచిది. చేతిపని కళ్ళారా చూసినవాడే రేపు పనికి పిలుస్తాడు. ఉలి, బాడిస వంటి పదునైన పనిముట్లు ఖైదీల చేతికివ్వడం ఎలాగంటారా? జైలు కార్ఖానాల్లో లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునే పద్ధతి ఉండనే ఉంది.

‘తప్పు చేసినవాడికి ఇన్ని మర్యాదలా? నష్టపోయినవాడి మాటేమిటి?’ అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. 1998లో సుప్రీంకోర్టు ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని చెబుతూ, అందులో కొంత బాధితుల కోసం కేటాయించే ఏర్పాటు చేయమంది. సంపాదించేవాడే బాకీ తీర్చగలడు. పని దొరకనివాడు బాధితుడికీ ఇవ్వలేడు, తన పిల్లలకూ పెట్టలేడు.

ఖైదీ గేటు దాటి లోపలికి వచ్చినప్పుడు పేరు, తండ్రి పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. కులం గడి పోయి ఖాళీ అయిన చోట ఒక్క ప్రశ్న చేరిస్తే చాలు: ‘నీకు ఏ పని వచ్చు?’ అతడు బయటికి వచ్చేనాటికి ఆ ప్రశ్నకు జవాబు పట్టా రూపంలో అతని జేబులో ఉండాలి.