శెనక్కాయ ధర ఎక్కడ తేలుతుంది?

మృగశిర కార్తె మొదలుకొని కదిరి చుట్టుప్రక్కల పల్లెలలో అందరి చూపూ మబ్బు మీదనే. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఎర్రనేలలో ఊడ దిగేవేళ ఒక్క పదును దక్కితే శెనక్కాయ నిలుస్తుంది. లేకుంటే పశువులకు కట్టె తప్ప ఏమీ మిగలదు. ఇది మనకు తెలిసిన కష్టమే. అయితే వాన కురిసి, కాయ నిండి, మూటలు బండికెక్కిన సంవత్సరంలో కూడా అప్పు ఎందుకు తీరదు? ప్రియ చదువరులారా, ఈ నెల మేము ఆ సంగతి వ్రాయదలచాము.

మన పెద్దలలో కొందరికి అమెరికా పాలపొడి, గోధుమ రవ్వ జ్ఞాపకముండవచ్చు. 1954లో ఆ దేశం చేసిన పి.ఎల్. 480 అనే చట్టం క్రింద ఓడల కొద్దీ ధాన్యం మన దేశానికి వచ్చింది. ఆకలిగొన్నవారి కడుపు నిండిన మాట నిజమే. తమ మిగులు పంటకు మార్కెట్టు వెదకుకోవడం కూడా ఆ చట్టపు ఉద్దేశాలలో ఒకటి. అదే కాలంలో రష్యా మనకు భిలాయి ఉక్కు కర్మాగారం కట్టడానికి తోడ్పడింది. ఇద్దరు పెద్దలు మన స్నేహం కొరకు పోటీపడిన రోజులవి.

1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల మిషన్ ప్రారంభించింది. దిగుమతులకు అడ్డుకట్ట ఉండేది, నూనెగింజలకు గిరాకీ ఉండేది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేరుశెనగ ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్లు దాటింది. కొర్ర, ఆరిక వెనుకకు పోయాయి. తరువాత 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తెరిచారు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. 65 శాతమున్న సుంకం 1998 నాటికి 15 శాతానికి దిగింది. ఇక్కడ ఒక విశేషమున్నది. ఆ సంస్థ ఒప్పందం ప్రకారం పామాయిల్ మీద మనము 300 శాతం వరకు సుంకం వేయవచ్చును గాని, సోయా నూనె మీద 45 శాతం దాటరాదు. పామాయిల్ అమ్మేది ఇండోనేషియా, మలేషియా. సోయా వ్యాపారంలో పెద్ద చెయ్యి అమెరికాది. ఎవరి మాట బరువెంతో చదువరులే తూచుకొనవచ్చును.

పెద్దల పోట్లాట మన గానుగ దాకా ఎలా వస్తుంది? 2018 జూలైలో అమెరికా చైనా సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. చైనా బదులుగా అమెరికా సోయా మీద అంతే వేసి, బ్రెజిల్ వైపు తిరిగింది. అమెరికాలో సోయా ధర పడిపోయింది. నూనెలన్నీ ఒకే చెరువు నీళ్లవంటివి. ఒక తూము తెరిస్తే అన్ని గట్లలోనూ మట్టం మారుతుంది. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె ఆగింది. అదే ఏడాది ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని నిషేధించి, మూడు నాలుగు వారాలకు ఎత్తివేసింది. ఆ రోజులలో నూనె ప్యాకెట్టు ధర చూసి గృహిణులు తాళింపులో నూనె తగ్గించారు.

అయినా దోషమంతా బయటివారిదే అనడం న్యాయం కాదు. మన ప్రభుత్వం 2018 మార్చిలో ముడి పామాయిల్ సుంకాన్ని 44 శాతానికి పెంచింది. 2021 అక్టోబరులో మూల సుంకం పూర్తిగా తీసివేసింది. 2024 సెప్టెంబరులో 20 శాతం వేసి, 2025 మేలో 10కి దించింది. విత్తే నాటికి ఒక లెక్క, అమ్మే నాటికి మరొక లెక్క. తగ్గించకుంటే పట్టణపు బీదలు ఏడుస్తారు, తగ్గిస్తే రైతు ఏడుస్తాడు. అంతకంటె చిక్కేమంటే, మన ఇళ్లలో ఈ ఇద్దరూ ఒక్కరే. కార్తీకంలో కాయ అమ్మిన ఇల్లాలే సంక్రాంతికి అంగడిలో పామోలిన్ ప్యాకెట్టు కొంటుంది. శెనగనూనె ఆమెకు అందని ధర. అందుచేత ఎంత సుంకం ఉండాలన్నదానికంటె, పంట చేతికి వచ్చేదాకా దానిని మార్చకుండా ఉంచడమే ముఖ్యమని మా అభిప్రాయం.

కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం తన వంతు చేస్తూనే ఉన్నది. 2005లో విడుదలైన కదిరి-6 రకం ఊరూరా పాకింది. ఆ తరువాత వచ్చిన కదిరి లేపాక్షి బెట్టను బాగా ఓర్చుకుంటుందని పేరు. అయితే ఏ విత్తనమూ ధరను ఓర్చుకోలేదు గదా! కొన్ని కుటుంబాలవారు చేలో సగం కంది, కొర్ర వేస్తున్నారు. బోరులో నీళ్లున్నవారు టమాటా వైపు పోయారు, అది మరొక జూదం. కొందరు మాత్రం కాయ ఒలిచి, ఇంటికి చాలినంత గింజ గానుగకు పంపి, చెక్క పశువులకు పెట్టి, మిగిలినదే అమ్ముతున్నారు.