శంషాబాద్ నుండి జిద్దా: గంటల లెక్క, మీఖాత్ లెక్క

ఉమ్రాకు బయలుదేరే దేవరకొండ వాసులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా సాబ్, విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి?" శంషాబాద్ నుండి జిద్దాకు ఆకాశమార్గం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి ఐదున్నర నుండి ఆరు గంటలు పడుతుంది. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా శంషాబాద్ చేరడం, మూడు గంటల ముందే అక్కడ ఉండడం కలుపుకుంటే నేల మీద గడిచే సమయమూ దాదాపు అంతే.

అయితే అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. మీఖాత్ ఎప్పుడు వస్తుంది?

1995 వరకు ముంబయి నుండి హాజీల ఓడలు నడిచేవి. ఎర్ర సముద్రంలో ప్రవేశించి, యలమ్‌లమ్‌కు సమాంతరంగా వచ్చే వేళకు స్నానం చేసి ఇహ్రామ్ ధరించడానికి కావలసినంత తీరిక ఉండేది. విమానం నిమిషానికి 15 కిలోమీటర్లు పోతుంది. తూర్పు దిక్కు నుండి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ సమీపాన ఉన్న ఖర్న్ అల్ మనాజిల్ పరిసరాల మీదుగా జిద్దాలో దిగుతాయి. కునుకు తీసి లేచేసరికి మీఖాత్ వెనుకబడిపోతుంది.

గాలిలో మీఖాత్ ఏమిటని కొందరు సందేహిస్తారు. ఖర్న్ తమ దారికి దూరమని ఇరాఖ్ ప్రజలు విన్నవించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి), మీ దారిలో దానికి సమాంతరమైన చోటు చూసుకోండని చెప్పి జాతు ఇర్ఖ్‌ను నిర్ణయించారు. నేలకు వర్తించిన ఆ సూత్రమే ఆకాశానికీ వర్తిస్తుంది. జిద్దాలో దిగాక ఇహ్రామ్ కట్టవచ్చన్న పండితులూ ఉన్నారు. కాని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ దానిని అంగీకరించలేదు. మేమూ అదే చెబుతాము. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్ళాలి, లేదా దమ్‌గా ఒక జంతువును జిబహ్ చేయించాలి. అప్పుచేసి వెళ్ళిన కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు.

కనుక వస్త్రాలు శంషాబాద్‌లోనే కట్టుకోండి. వాటిని పెద్ద సూట్‌కేసులో పెట్టి అప్పగించారా, అవి విమానం అడుగున, మీరు పైన! నియ్యత్, తల్బియా మాత్రం జిద్దాలో దిగడానికి సుమారు గంట ముందు చేసుకుంటే నిశ్చింత. ముందుగా మదీనా వెళ్ళేవారికి ఈ తొందర లేదు. వారి మీఖాత్ జుల్ హులైఫా.

నమాజు వేళల సంగతీ ఇటువంటిదే. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఉదయం పదికి బయలుదేరినవారు మన గడియారం పన్నెండున్నర చూపిందని సీట్లోనే జుహర్ మొదలుపెడతారు. అప్పటికి విమానం అరేబియా సముద్రం మీద పడమరకు చాలా దూరం పోయి ఉంటుంది. అక్కడ జవాల్‌కు ఇంకా దాదాపు గంట ఉంటుంది. వేళకు ముందు చేసిన నమాజు చెల్లదు. ఆ విమానం జిద్దాలో దిగేసరికి అక్కడ సుమారు ఒంటిగంటంబావు. జుహర్ వేళ ఇంకా మిగిలే ఉంటుంది, దిగి నిమ్మళంగా చేసుకోవచ్చు.

మరొక సంగతి. భోజనంతో పాటు విమానంలో తడి రుమాలు ఇస్తారు. దానికి తరచుగా సువాసన ఉంటుంది. నియ్యత్ చేశాక దానితో ముఖం తుడుచుకోకండి. పక్కన కూర్చున్న పెద్దవారికి కూడా చెప్పండి.