సేవ చేసే చేతులకూ సేద కావాలి

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారం దాటేటప్పుడు గోడకు అమర్చిన ఇనుప గునపాన్ని మీరు చూసే ఉంటారు. దాని వెనుక ఉన్న ఐతిహ్యం ప్రసిద్ధమే. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి కొండపై పుష్పకైంకర్యానికి వచ్చిన అనంతాళ్వారులు పూదోట కోసం చెరువు తవ్వసాగారు. గర్భవతియైన ధర్మపత్ని మట్టి తట్టలు మోసేది. ఒక బాలుడు వచ్చి సాయం చేస్తానన్నాడు. ఈ సేవాభాగ్యం తమకే దక్కాలని ఆళ్వారులు వారించారు. ఆ బాలుడు ఆయన కంటపడకుండా ఆ తల్లి బరువును పంచుకున్నాడు. అది చూసి ఆగ్రహంతో ఆయన విసిరిన గునపం బాలుని గడ్డానికి తగిలింది. వచ్చినవాడు సాక్షాత్తు శ్రీనివాసుడే! స్వామి చుబుకానికి పచ్చకర్పూరం అలంకరించడం అందువల్లనేనని పెద్దల మాట.

దీర్ఘరోగిని కంటికి రెప్పలా కాచుకునేవారు ఈ కథలో మరొక అర్థాన్ని కూడా గ్రహించాలి. సేవ ఎంత పవిత్రమైనదైనా ఒక్కరే మోయబూనితే, ఆ బరువు కోపంగా మారుతుంది. సాయానికి వచ్చిన చేయినే గాయపరుస్తుంది.

తిరుపతిలోని స్విమ్స్, రుయా వంటి ఆసుపత్రులకు చిత్తూరు, కడప, నెల్లూరు ప్రాంతాల పల్లెల నుండి రోగులు వస్తారు. మూత్రపిండాలు చెడినవారికి సాధారణంగా వారానికి రెండు మూడు మార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు డయాలసిస్ జరుగుతుంది. రోగికి మందు వేళ తప్పదు. వెంట వచ్చిన ఇల్లాలికి మాత్రం అన్నం వేళ తప్పుతుంది. ఆమె నిద్రను ఎవరూ లెక్కించరు.

నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, కారణం లేకుండా కన్నీరు రావడం, రోగిపైనే విసుక్కొని ఆపై కుమిలిపోవడం – ఇవన్నీ మనస్సు అలసిందనడానికి గుర్తులు. 'ఈ బాధ ఎప్పుడు ముగుస్తుందో' అన్న తలపు రావడం పాపం కాదు, ప్రేమ తగ్గినట్లూ కాదు. అయితే ఈ లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యుని సంప్రదించాలి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కలిగితే ఒక్క గడియ కూడా ఆగరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పూజ ధైర్యమిస్తుంది, కానీ అది వైద్యానికి బదులు కాదు.

నిరాహారికీ, నిద్ర మానినవానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయంలో భగవానుడే హెచ్చరించాడు. ఆలయ సేవా పద్ధతి చూడండి. పూలు కట్టేవారు ఒకరు, పోటులో ప్రసాదం వండేవారు మరొకరు, వేదపారాయణ చేసేవారు ఇంకొకరు. అర్చకులకు వంతులుంటాయి. రాత్రి ఏకాంతసేవతో స్వామికీ పవళింపు ఉంటుంది. భగవంతుని సేవే ఇందరి చేతుల మీదుగా సాగుతుంటే, మంచానపడిన తండ్రి సేవను ఒక్క కోడలి భుజాలపైనే ఉంచడం ఏ ధర్మం?

కనుక ఇంటిల్లిపాదీ కూర్చొని వంతులు వేసుకోండి. రాత్రి కాపలా ఒకరిది, ఆసుపత్రి ప్రయాణం ఒకరిది, డబ్బు లెక్కలు మరొకరివి. దూరాన ఉన్న కొడుకు ఖర్చు పంపి ఊరుకోక, నెలలో కొన్ని రోజులైనా వచ్చి తన వంతు తీసుకోవాలి. సేవ చేసేవారు రోజుకొక గంట సంధ్యావందనానికో, నడకకో, ఊరక కూర్చోవడానికో కేటాయించుకోవాలి. అది రోగి నుండి దొంగిలించిన సమయం కాదు.

పరామర్శకు వెళ్ళే బంధువులకూ ఒక మనవి. రోగి క్షేమం అడిగాక, పక్కనున్న ఆమెను "నీవు భోంచేశావా తల్లీ?" అని అడగండి. ఆ పూట మీరు కూర్చొని ఆమెను నిద్రపోనివ్వండి. ఆమె వద్దన్నా తట్ట అందుకోండి. ఆనాడు ఆ బాలుడు చేసిందీ అదే కదా!