రేనాటి శిలలు – మన బాలికల పరిశోధనావిద్య

చరిత్రమున ఎం.ఏ. ముగించిన బాలిక యొకతె "అమ్మా, ప్రాచీన శిల్పములను, శాసనములను పరిశోధించి డాక్టరు పట్టమును బడసెదను" అని యడిగినచో, మన యిండ్లలో రెండు ప్రశ్నలు పుట్టును. ఆ రాళ్లలో నేమున్నది? పెండ్లికావలసిన పిల్ల కీ విద్య యేల? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల తల్లులు మొదటి ప్రశ్నకు సమాధానమును దూరమున వెదకనక్కరలేదు.

ఈ సీమ పూర్వపు రేనాడు. ఎఱ్ఱగుంట్లకు సమీపమున నున్న కలమళ్ల గ్రామపు చెన్నకేశవాలయ ప్రాంగణమున ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనముగల విఱిగిన రాతికంబము దొరకినది. అది సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిరి. పూర్తిగా తెలుగున వ్రాయబడి మనకు లభించిన శాసనములలో దానినే మొదటిదిగా గణింతురు. నన్నయభట్టు భారతమును తెనిగించుటకు నాలుగు శతాబ్దములకు పైగా ముందే మన భాష రాజశాసనమున కెక్కిన దనుటకు ఆ రాయియే సాక్షి.

ఆ కాలనిర్ణయ మెట్లు జరిగినది? అక్షరముల రూపము నితర శాసనములతో పోల్చి చూచిరి. మాలేపాడున దొరకిన పుణ్యకుమారుని సంస్కృత తామ్రశాసనము ఆ వంశక్రమమును జెప్పుచున్నది. నందివర్మకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ యనువారు కుమారులు. ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడు. అతని కొడుకు పుణ్యకుమారుడు. ఇట్లు రాతిని రాగిరేకుతో సరిచూచి తాతను, మనుమనిని గుర్తించిరి. ప్రొద్దుటూరి యంగడిలో బంగారమును ఒరగల్లుపై గీచి చూడక మనము కొనము గదా! వినికిడి కథను అట్లే గీచి చూచు విద్యయే పరిశోధన.

ఇందు పాండిత్యముతోపాటు చేతిపనియు గలదు. శిలను శుభ్రముగా గడిగి, తడికాగితమును పఱచి, అక్షరపు గుంతలలోనికి దిగునట్లు కుంచెతో తట్టుదురు. పిమ్మట పైన సిరా నద్దుదురు. గుంతలు తెల్లగా మిగిలి, అక్షరములు కాగితముపై నిలుచును. ఓర్పు, శుభ్రత, సూక్ష్మదృష్టి యిందు ముఖ్యములు. ఇవి మన యాడవారికి క్రొత్తవి కావు.

పని తఱుగలేదు. గండికోటలో మాధవరాయాలయము, జుమ్మామసీదు, ధాన్యాగారము గలవు. ముద్దనూరు ప్రాంతపు చింతకుంటలో ఆదిమానవులు గీచిన చిత్రములు గలవు. పులివెందులలో రంగనాథుని కోవెల గలదు. ఇవిగాక పొలముల గట్లపై, గోడలలో, సున్నపుపూతల క్రింద మఱుగుపడిన రాళ్లెన్నియో! చదువువారు రాకముందే రాయి పగిలెనా, ఆ మాట మఱి తిరిగిరాదు.

స్త్రీ లీ విద్యలో వెనుకబడలేదు. డొరొతీ గారడ్ 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పురావస్తుశాస్త్రాచార్యపదవి నందెను. ఆ విద్యాలయమున ఆచార్యపీఠ మెక్కిన మొదటి వనిత యామెయే. ఒరిస్సాలోని రత్నగిరి బౌద్ధక్షేత్రమును 1958 మొదలు 1961 వఱకు త్రవ్వించిన దేబలా మిత్ర, 1981లో భారత పురావస్తుశాఖకు డైరెక్టరు జనరలైన తొలి స్త్రీ.

ఇక రెండవ ప్రశ్న. 1954లో స్థాపితమైన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 2006లో వెలసిన కడప యోగి వేమన విశ్వవిద్యాలయము మనకు దగ్గఱలోనివే. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన నిబంధనలను బట్టి డాక్టరు పట్టమునకు కనీసము మూడేండ్లు, సాధారణముగా గరిష్ఠము ఆఱేండ్లు గడువు. స్త్రీలకు గడువును మఱి రెండేండ్లు పొడిగింపవచ్చును. ప్రసూతికి, శిశుపోషణకు 240 దినముల వఱకు సెలవు నీయవచ్చును. కావున వివాహమును, విద్యయు నొకదానికొకటి శత్రువులు గావు.

కష్టము లేదని చెప్పుట యసత్యము. ఎండలో తిరుగవలెను, పట్టము వచ్చినంతనే ఉద్యోగము సిద్ధముగా నుండదు. అయినను, తల్లియో యన్నయో తొలిదినములలో తోడుగ నడచి, అత్తవారు పెండ్లినాడే చదువు సాగనిత్తుమని మాటయిచ్చినచో, సగము భారము దీఱును. చదువలేని తల్లియు నొక సాయము చేయగలదు. ఊరి గుడిలో అక్షరములుగల రాతికి సున్నము పూయనీయక కాపాడుటయే యది. తల్లి కాపాడిన రాతిని బిడ్డ చదువుగాక!