జలాంతర్గామిలో మొలకెత్తిన చూయింగ్ గమ్

సిగరెట్ మానిపించే మందులన్నీ తెల్లకోటు వాళ్లు ప్రయోగశాలలో కూర్చుని వరసగా కనిపెట్టినవని అనుకుంటాం. చాలావరకు కాదు. ఎవరో ఇంకేదో పనిలో ఉండగా కంటి కొసకు చిక్కినవే వాటిలో ఎక్కువ.

1967 డిసెంబరు సంగతి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్లేస్ లుండ్‌గ్రెన్, హెల్సింగ్‌బోర్గ్‌లో లియో అనే మందుల కంపెనీలో ఉన్న ఊవె ఫెర్నోకి ఉత్తరం రాశాడు. జలాంతర్గామిలో అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు కదా, పొగతాగే నావికులు లోపలికి దిగగానే పొగాకు నోట్లో పెట్టుకుని కాలక్షేపం చేసేస్తున్నారు. అంటే వాళ్లకు కావాల్సింది పొగ కాదు, నికోటిన్. మరి ఆ ఒక్కటీ విడిగా ఇస్తే? ఫెర్నో ఏళ్లపాటు దీనితో కుస్తీ పట్టాడు. నికోటిన్ మింగితే కాలేయం చాలావరకు దాన్ని దారిలోనే విరిచేస్తుంది, కాబట్టి మాత్ర పనికిరాదు. నోటి లోపలి పొర నుంచే రక్తంలోకి దిగాలి, అదీ నెమ్మదిగా. చివరికి నికోటిన్‌ని రెజిన్‌కి పట్టించి చూయింగ్ గమ్ చేశారు. 1978లో స్విట్జర్లాండ్, 1984లో అమెరికా అనుమతించాయి.

ఈ గమ్ కొన్న నా స్నేహితులంతా ఒకటే పొరపాటు చేశారు. మామూలు బబుల్‌గమ్‌లా చకచకా నమిలేశారు. అప్పుడు నికోటిన్ ఉమ్మితోపాటు కడుపులోకి పోతుంది; ఎక్కిళ్లు, గొంతు మంట తప్ప ఒరిగేదేమీ లేదు. నెమ్మదిగా కాసేపు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొన్ని నములుళ్లు, ఈసారి రెండో బుగ్గ. మా నాయనమ్మ పొగాకు కాడ దవడన పెట్టుకున్నట్టే అన్నమాట. ఆవిడకి మాత్రం ఎవరూ కరపత్రం ఇచ్చి నేర్పలేదు. నమలడానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింక్, పళ్లరసం కూడదు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ లోపలికి దిగదు.

ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ కథ పొలంలో మొదలైంది. అమెరికా దక్షిణాదిలో తడి పొగాకు కోసే కూలీలకు, పొగతాగే అలవాటు లేకపోయినా వాంతులు, కళ్లు తిరగడం పట్టుకునేవి. ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగడమే కారణం. (ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, పచ్చాకు జిగురు చేతికి పట్టిందంటే ఓ పట్టాన వదలదు.) లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మర్రే జార్విక్, జెడ్ రోజ్‌లు దీని వెంట పడ్డారు. మనుషుల మీద ప్రయోగం చేయడానికి అనుమతి దొరకలేదు. దాంతో పొగాకుని తమ ఒంటికే పట్టించుకుని కూర్చున్నారు. గుండె దడదడలాడింది, వాళ్లు సంతోషించారు. 1990ల మొదట్లో ప్యాచ్ మందుల షాపులకొచ్చింది.

బుప్రోపియాన్ దిగులుకు వాడే మాత్ర. కాలిఫోర్నియాలోని లోమా లిండాలో మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టరు లిండా ఫెర్రీ, ఈ మాత్ర వేసుకుంటున్నవాళ్లకు సిగరెట్ మీద ధ్యాస తగ్గుతోందని గమనించి అటు పరిశోధన మళ్లించారు. 1997లో అమెరికాలో దీనికి ఆమోదం వచ్చింది. నికోటిన్ లేకుండా సిగరెట్ మానిపించే మందుగా అక్కడ ఆమోదం పొందిన మొదటిది ఇదే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది చెట్టు కథ. రెండో ప్రపంచ యుద్ధంలో పొగాకు దొరక్క సైనికులు లాబర్నమ్ ఆకులు చుట్టుకుని కాల్చారు. పసుపుపచ్చ పూలగుత్తులు వేలాడే చెట్టది. మన రేలకు 'ఇండియన్ లాబర్నమ్' అన్న పేరు ఆ పోలిక వల్ల వచ్చిందే. మందు మాత్రం రేలలో లేదు, లాబర్నమ్ గింజలేమో విషం, రెంటినీ వదిలేయండి. ఆ గింజల్లోని సిటిసిన్ మెదడులో నికోటిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది. 1964లోనే బల్గేరియా దాన్ని టాబెక్స్ పేరుతో మాత్ర చేసి అమ్మింది. ఇరవై ఐదు రోజుల కోర్సు, ధర చవక. కానీ ఇనుపతెర అవతలి మందు కదా, పడమటి దేశాలు నాలుగు దశాబ్దాలకు పైగా పట్టించుకోలేదు. వార్సాలో 740 మంది మీద చేసి 2011లో అచ్చువేసిన పరీక్షలో, ఏడాది తర్వాత కూడా మానేసి ఉన్నవాళ్లు సిటిసిన్ వాడినవారిలో 8.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.4 శాతం. 2014లో అచ్చయిన ఇంకో పరీక్షలో, న్యూజిలాండ్‌లో 1,310 మందితో నికోటిన్ ప్యాచ్‌, గమ్‌ల పక్కన నిలబెట్టి చూశారు. నెల తిరిగేసరికి 40 శాతానికి 31 శాతం, సిటిసిన్‌దే పైచేయి. బ్రిటన్ మందుల షాపులకు అది 2024లో చేరింది. అరవై ఏళ్ల ఆలస్యం!

ఈ లోపల ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోథమ్ కో బృందం సిటిసిన్‌నే నమూనాగా పెట్టుకుని వరెనిక్లిన్ తయారుచేసింది. 2006లో అనుమతి వచ్చింది. అది పనిచేసే తీరు ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. కిటికీలోంచి సీటు మీద తుండు వేసేస్తుంది. వెనకాల నికోటిన్ పరుగెత్తుకొచ్చి చూస్తే సీటు ఖాళీ లేదు. సిగరెట్ కాల్చినా మజా రాదు. అదే సమయంలో, తుండు వల్లే ఆ సీటు కాస్త వెచ్చబడుతుంది కాబట్టి, మానేసినవాడికి మరీ పిచ్చెక్కిపోదు.

ఈ మాత్ర మనసు పాడుచేస్తుందనీ, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందనీ భయం పుట్టి 2009లో అమెరికాలో పెట్టె మీద నల్లగీతల హెచ్చరిక వేశారు. 8,144 మందితో జరిగిన భారీ పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి, సగం మంది మానసిక వ్యాధులున్నవాళ్లే. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ ఏడాది చివర్లో హెచ్చరిక తీసేశారు.

ఇంతకీ మానినట్టు రుజువేమిటి? నికోటిన్ అన్న మాటని ఇంగ్లీషులో రాసి, అక్షరాలను డబ్బాలో వేసి కుదిపితే కొటినిన్ వస్తుంది. ఒంట్లో నికోటిన్ విరిగాక మిగిలే పదార్థం పేరు అదే! నికోటిన్ రెండు గంటల్లో సగానికి తగ్గిపోతే కొటినిన్ రోజుల తరబడి ఉమ్మిలో దొరికిపోతుంది. పరిశోధకులకు ఇదెందుకంటే, 'మానేశానండీ' అన్న మాటను ఊరికే నమ్మరు. గొట్టంలోకి ఊదించి కార్బన్ మోనాక్సైడ్ కూడా కొలుస్తారు. గమ్, ప్యాచ్ వాడేవాళ్ల ఒంట్లో కొటినిన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈ ఊదుడే గతి.

దెబ్బతిన్న మెదళ్లూ ఒక పాఠం చెప్పాయి. రోజుకు 40కి పైగా సిగరెట్లు కాల్చే ఒకతనికి 28 ఏళ్లకే పక్షవాతం వచ్చింది, ఆ రోజు నుంచి సిగరెట్ లేదు. ఎందుకంటే తాగాలన్న కోరికను ఒళ్లే మరిచిపోయిందన్నాడు. 2007లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న 19 మందిలో 12 మంది ఏ యాతనా లేకుండా మానేశారు. ఆ దారిలోనే 2020లో అమెరికా, తల మీద అయస్కాంత తరంగాలు పంపే యంత్రాన్ని పొగ మానిపించడానికి వాడవచ్చంది.

గురి తప్పినవీ చాలానే ఉన్నాయి. నికోటిన్‌కి టీకా వేస్తే? ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలు నికోటిన్‌ని పట్టుకుని మెదడుదాకా పోనివ్వవని ఆశ. నిక్‌వ్యాక్స్ అనే టీకా 2011లో ఆఖరి దశ పరీక్షలో బోల్తాపడింది. లోబెలిన్ అనే మరో మొక్కమందు కొన్ని దశాబ్దాలు అమ్ముడయ్యాక, పనిచేస్తుందన్న రుజువు లేదని 1993లో అమెరికా ఆపించింది.

మందుల గోల కాసేపు పక్కన పెడదాం. 1979లో అచ్చయిన ఒక పరీక్షలో, లండన్‌లో మైకేల్ రసెల్ 2,138 మంది పొగరాయుళ్లను తీసుకుని, 28 మంది డాక్టర్ల చేత వాళ్లలో కొందరికి ఒకటి రెండు నిమిషాలు 'మానెయ్యండి' అని చెప్పించాడు. ఇంకొందరికి అలా చెప్పడమే కాక, చేతిలో ఒక కరపత్రం పెట్టి, మళ్లీ వచ్చి అడుగుతామని కూడా అన్నారు. ఏడాదికి, ఏమీ చెప్పనివాళ్లలో మానినవాళ్లు 0.3 శాతం, చెప్పి, కరపత్రం ఇచ్చి, అడుగుతామన్నవాళ్లలో 5.1 శాతం. వందలో ఐదుగురేనా అని పెదవి విరవకండి. రసెల్ లెక్క కట్టాడు: బ్రిటన్‌లో ప్రతి డాక్టరూ ఈ రెండు నిమిషాలు ఖర్చుపెడితే ఏడాదికి ఐదు లక్షల మందికి పైగా మానేస్తారు, ప్రత్యేక క్లినిక్కులు పదివేలు పెట్టినా అంతమంది మానరు.

మన శ్రీకాకుళం కూడా ఈ చరిత్రలో ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అక్కడి ఆడవాళ్లలో ఎక్కువ. గాలికి ఆరదు, బూడిద రాలదు అనేవారు. అంగుడు మాత్రం కాలిపోయేది. ముంబయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్ దంత వైద్యుడు యెన్స్ పిండ్‌బోర్గ్ తదితరులు ఆ జిల్లా గ్రామస్తులు 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు, 1971లో ఫలితాలు అచ్చువేశారు. ఆ తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళం పల్లెల్లోనూ ఏటా నోరు పరీక్షించి, మానమని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే ప్రయత్నం మొదలైంది. మూడు జిల్లాల్లో 36 వేల మందికి పైగా! మాత్ర లేదు, ప్యాచ్ లేదు. టార్చిలైటు, మాట, పోస్టరు. మానినవాళ్లు పెరిగారని 1986లో లాన్సెట్ పత్రికకెక్కింది.

కొద్దికొద్దిగా తగ్గిస్తానంటారా? 2016లో అచ్చయిన ఒక పరీక్షలో బ్రిటన్‌లో 697 మందిని రెండు జట్లు చేశారు. నాలుగు వారాలకు, ఒక్కసారిగా మానినవాళ్లలో 49 శాతం నిలబడ్డారు, తగ్గిస్తూ పోయినవాళ్లలో 39 శాతమే.

మానాక నిద్ర పట్టక చిరాకుపడేవాళ్లు కాఫీ లెక్క చూసుకోవాలి. పొగలోని తారు వల్ల కాలేయం కెఫీన్‌ని చకచకా విరిచేస్తుంది. పొగ ఆగితే ఆ చురుకూ పోతుంది. మునుపటి నాలుగు కాఫీలే ఎనిమిదైనట్టు పనిచేస్తాయి. చిరాకంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటారు పాపం.

ఫిలిప్పీన్స్‌లో మిండనావో దీవిలో ఒక బ్యాంకు చిత్రమైన ఖాతా తెరిచింది. మానదలచినవాడు ఆరు నెలలు అందులో డబ్బు వేసుకోవాలి. తర్వాత మూత్ర పరీక్షలో నెగ్గితే డబ్బు వెనక్కి, లేదంటే ధర్మఖాతాకి. అడిగినవాళ్లలో 11 శాతమే ఒప్పుకున్నారు. అయినా, ఖాతా సంగతి చెప్పని జట్టుతో పోలిస్తే మానినవాళ్లు పెరిగారు.

ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం సిగరెట్ల మీదే, మన దేశంలో పొగ అంటే ముందు బీడీ. 2016–17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం.

2018 సెప్టెంబరు నుంచి మన సిగరెట్ పెట్టెల మీద మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నెంబరు అచ్చువేస్తున్నారు, 1800-11-2356. మా వీధి చివర పాన్ డబ్బా దగ్గర సాయంత్రం పావుగంట నిలబడి చూశాను. గుంజకి లైటరు తాడుతో వేలాడుతోంది. వచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఎనిమిది మంది 'అన్నా, ఒకటియ్యి' అని విడిగా తీసుకున్నారు. నెంబరున్న పెట్టె కొట్టువాడి చేతిలోనే ఉండిపోయింది.